నీళ్లు కాస్తే సీసం ఎందుకు పోదు?

2020 డిసెంబరు మొదట్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. మంగళగిరి ఎయిమ్స్ డాక్టర్లు హుటాహుటిన వెళ్లారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత వేరే పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలూ బయటపడ్డాయి. కృష్ణా, గోదావరి కాలవలు కలిసే ఊరు కదా, అందరి అనుమానం ముందు నీళ్ల మీదికే పోయింది.

నీళ్లు బాగోలేవంటే అమ్మమ్మ ఏమంటుంది? కాచి చల్లార్చి తాగమంటుంది. క్రిములకు అది మంచి మందే. అవి ప్రాణులు, వేడికి చస్తాయి. సీసం మూలకం. చావదు, విరగదు, ఆవిరై పోదు. గిన్నెలో రెండు లీటర్లు పోసి లీటరయ్యేదాకా మరిగించండి. నీరు సగమైంది, సీసం మాత్రం అంతే ఉంది. అంటే లీటరుకు రెట్టింపైందన్నమాట!

మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత కొంచెమూ ఎందుకు ప్రమాదం? ఒంట్లోకి వెళ్లాక సీసం కాల్షియంలా నటిస్తుంది. ఎముకలు దాన్ని నమ్మి ఏళ్ల తరబడి దాచుకుంటాయి. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎదిగే మెదడు దెబ్బతింటుంది, చదువు తలకెక్కదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఆర్వో యంత్రం సీసాన్ని చాలావరకు ఆపుతుంది. కానీ కాలవలో చేపకు ఆర్వో ఎక్కడిది? అందుకే పిల్లలూ, సీసం ఉండే పాత బ్యాటరీలు కాలవలో పడేయనివ్వకండి. కొన్ని రంగుల్లోనూ సీసం ఉంటుంది కాబట్టి, ఈసారి చవితికి రంగులు వేయని మట్టి వినాయకుణ్ణే తెమ్మని ఇంట్లో పట్టుబట్టండి.