పంచాయతీ ట్రాక్టరుకు క్రొత్త బ్యాటరీ: ఎంపిక, సంరక్షణ

2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము మూలమున తెలంగాణములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. వీధులలోని చెత్తను తరలించుట, నాటిన మొక్కలకు నీరు పోయుట, వేసవిలో నీటి ఎద్దడిగల వాడలకు ట్యాంకరు పంపుట ఈ బండి మీదనే ఆధారపడియున్నవి. ఒక ఉదయము సెల్ఫ్ కొట్టినను ఇంజను కదలకున్నచో ఈ పనులన్నియు నిలిచిపోవును. నలుగురు కూడి బండిని నెట్టుట పరిష్కారము కాదు. అంతట పంచాయతీ సమావేశములో బ్యాటరీ మార్చవలెనను తీర్మానము వచ్చును. ఆ తీర్మానమునకు ముందును, తరువాతను సభ్యులు గమనింపవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

లోపము బ్యాటరీదేనా?

ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సీసపు బ్యాటరీయే నేటికిని ట్రాక్టర్లలో వాడుకలో నున్నది. సీసపు పలకలు, నీరు కలిపిన గంధకికామ్లము, అనగా యాసిడ్, దాని ముఖ్యాంగములు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు రెండు వోల్టుల నిచ్చును.

ఛార్జి తీరుట వేరు, బ్యాటరీ చెడుట వేరు. బండి నిలిపిన కొన్ని గంటల పిమ్మట వోల్టు మీటరు పెట్టి చూచినచో, నిండుగా ఛార్జియున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12 కంటె తక్కువ చూపినచో ఛార్జి దాదాపు తీరినదని గ్రహింపవలెను. ఇంజను నడచుచుండగా ఆ మీటరు సుమారు 13.8 నుండి 14.4 వరకు చూపవలెను. అట్లు పెరుగనిచో లోపము ఆల్టర్నేటరులోనో, వదులైన బెల్టులోనో, తుప్పు పట్టిన క్లాంపులలోనో యుండవచ్చును. దానిని సరిచేయక క్రొత్త బ్యాటరీ బిగించినచో అదియు కొలది దినములలోనే చతికిలబడును.

మూతలు విప్పుటకు వీలైన బ్యాటరీని నిండుగా ఛార్జి చేయించి, హైడ్రోమీటరుతో ప్రతి గదిని పరీక్షింపవలెను. మంచి గది 1.26 నుండి 1.28 వరకు చూపును. ఐదు గదులు సరిగా నుండి, ఒకటి మాత్రము 0.05 మేర వెనుకబడినచో ఆ గది చెడినట్లు భావింపవచ్చును. అప్పుడే మార్పు అవసరము.

ఎట్టి బ్యాటరీ కొనవలెను?

ట్రాక్టరుతో వచ్చిన చిన్న పుస్తకములో బ్యాటరీ వోల్టులు, ఏహెచ్ సామర్థ్యము వ్రాయబడి యుండును. వానికి సరిపడు బ్యాటరీనే కొనవలెను. చౌకయని తక్కువ ఏహెచ్ గల దానిని తెచ్చినచో సెల్ఫునకు చాలినంత బలముండదు. పొడవు, వెడల్పు, ఎత్తు, ధన ఋణ టెర్మినళ్ల స్థానములు కూడ పాతదానితో సరిపోవలెను. ఇన్వర్టరు బ్యాటరీ ఈ పనికి తగదు. అది కొంచెము కొంచెముగా గంటల తరబడి విద్యుత్తు నిచ్చుటకై చేయబడినది. సెల్ఫునకు కావలసినది క్షణములలో అధిక విద్యుత్తు. అంగడిలో నెలల తరబడి పడియున్న బ్యాటరీ తనంతట తానే బలహీనపడును. కావున తయారైన తేదీ చూచి కొనవలెను. బిల్లును పంచాయతీ పేర వ్రాయించి, వారంటీ కార్డు మీద తేదీతో ముద్ర వేయించుట మరువరాదు.

సంరక్షణ

పెక్కు బ్యాటరీలు వయస్సు తీరి గాక, అశ్రద్ధవలననే ముందుగా చెడుచున్నవి. మూతలు విప్పు రకమైనచో నెలకొకసారి, వేసవిలో రెండు వారములకొకసారి నీటి మట్టము చూడవలెను. పలకలు ఎల్లప్పుడు మునిగి యుండవలెను. ఆవిరియై పోవునది నీరే గాని యాసిడ్ కాదు. కావున డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీటిలోని లవణములు పలకలకు చేటు.

టెర్మినళ్లపై తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో, ఆ నీరు గదులలోనికి పోకుండ కడిగి, తుడిచి, వాజిలీను పూయవలెను. విప్పునపుడు ఋణ తీగను మొదట, బిగించునపుడు చివరను పట్టవలెను. లేనిచో పానా బండి ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. ఛార్జి సమయమున హైడ్రోజను వాయువు వెలువడును గనుక బీడీ, అగ్గిపుల్ల దరి చేరరాదు. గతుకుల బాటలలో పలకలు అదిరి చెడకుండ బ్యాటరీని పట్టీతో గట్టిగా బిగింపవలెను. ఛార్జి తీరిన బ్యాటరీని వారముల తరబడి అట్లే యుంచినచో పలకలపై గట్టి పెచ్చు కట్టి, మరల కోలుకొనుట దుర్లభమగును.

పాతదానిని ఏమి చేయవలెను?

సీసము విషము. ముఖ్యముగా పసిపిల్లల మెదడునకు హానికరము. పాత బ్యాటరీని పగులగొట్టుట, యాసిడ్‌ను కాలువలోనో చేలలోనో పారబోయుట తగదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము వాడిన బ్యాటరీ తిరిగి శుద్ధి చేయువారికి చేరవలెను. కావున దానిని అమ్మకందారునికే అప్పగించి, తగ్గించిన వెలను బిల్లులో వ్రాయింపవలెను. అదియు పంచాయతీ సొత్తే గదా!

ఈ పనులకై పెద్ద వ్యయము అక్కరలేదు. ట్రాక్టరు నడుపువానికి బాధ్యత అప్పగించి, నీరు పోసిన తేదీ, చూచిన వోల్టులు ఒక పుస్తకములో వ్రాయించి, ప్రతి సమావేశమున సభ్యులు ఆ పుటను ఒకసారి తిరగవేసిన చాలును. వేసవి ఉదయమున ట్యాంకరు కొఱకు బిందెలతో వేచియున్న తల్లులు ఆ శ్రద్ధకు ఫలమును చూతురు.