మీకు తెలుసా? ఎర్ర అరోవానా కొన్నప్పుడు ఎర్రగా ఉండదు

దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ లాంటి పాతపేటలో కాపురం ఉంటే సూక్ వాకిఫ్ పెద్ద దూరమేమీ కాదు. సెలవురోజు సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని అటు వెళ్తే, పిట్టల దుకాణాల మధ్య రంగుచేపల గాజుతొట్లు కూడా కనబడతాయి. అక్కడ మొదలైన సరదా కొందరిని అరోవానా దాకా లాక్కుపోతుంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన అక్వేరియం చేపల్లో ఆసియా అరోవానా ఒకటి. దాని విలువంతా రంగులోనే ఉంది. ఆ రంగు మాత్రం కొన్న రోజున చేతికి రాదు.

'వాస్తు చేప' అంటూ చూపించేది చాలావరకు ఇది కాదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చుట్టాలింటికి వెళ్తే, హాల్లో పెద్ద తొట్టిలో వెండిరంగు చేప ఒంటరిగా తిరుగుతూ ఉంటుంది. "వాస్తు చేప అండీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుంది" అంటారు. అది సాధారణంగా దక్షిణ అమెరికాలోని అమెజాన్ నీళ్లలో పుట్టిన సిల్వర్ అరోవానా. బంధుత్వం ఉంది గానీ చేప వేరు. గుర్తుపట్టడం తేలికే. సిల్వర్‌కు వీపు మీది రెక్క, పొట్ట కింది రెక్క రెండూ పొడుగ్గా సాగి దాదాపు తోకను అంటుకుంటాయి. ఆసియా రకానికి వీపు మీది రెక్క పొట్టిగా, బాగా వెనక్కి ఉంటుంది. పొలుసులు పెద్దవి.

కలిసొస్తుందన్న నమ్మకం కూడా చైనావాళ్ల ఫెంగ్ షుయ్ నుంచి వచ్చిందే. పెద్ద పొలుసులు, గడ్డం కింద రెండు మీసాలు, మెలికలు తిరిగే ఈత చూసి వాళ్లు దీన్ని డ్రాగన్ చేప అన్నారు. మనవాళ్లు డ్రాగన్‌ను వదిలేసి డబ్బును మాత్రం ఉంచుకున్నారు!

నది మారితే రంగు మారుతుంది

దీని శాస్త్రీయ నామం స్క్లెరోపేజెస్ ఫార్మోసస్. ఇండోనేసియాలో పశ్చిమ కలిమంతాన్‌లోని కపువాస్ నదిలో, దాని ఎగువన ఉన్న సెంతారుం సరస్సుల్లో పుట్టింది ఎర్రది. బజార్లో దాన్ని సూపర్ రెడ్ అంటారు. మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో ఉన్న బుకిత్ మేరా సరస్సు క్రాస్‌బ్యాక్ గోల్డ్‌కు పుట్టిల్లు. రెడ్ టెయిల్ గోల్డ్‌ది సుమత్రా. ఆకుపచ్చ రకం ఆగ్నేయాసియాలో చాలాచోట్ల దొరుకుతుంది, అందుకే దానికి గిరాకీ తక్కువ. 2003లో కొందరు శాస్త్రవేత్తలు వీటిని నాలుగు జాతులుగా విడదీశారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఒకే జాతి, రంగులే వేరు అనేదే ఇప్పటికీ ఎక్కువమంది మాట.

ఎరుపు కోసం ఏళ్లు పడుతుంది

అరచేయంత సూపర్ రెడ్ పిల్లను తొలిసారి చూసినవాళ్లు మోసపోయామనుకుంటారు. ఒళ్లంతా వెండిరంగు, వీపు మీద కాస్త ఆకుపచ్చ నలుపు. ఎరుపు జాడ పెదవుల మీద, రెక్కల చివర, మొప్పల మూత అంచున మాత్రమే ఉంటుంది. ఒంటి మీద పొలుసు అంచులు నారింజ రంగుకు, అక్కణ్ణుంచి ఎరుపుకు తిరగడానికి సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. కొన్నింటికి నారింజ దగ్గరే ఆగిపోతుంది.

అంటే ఈ వ్యాపారంలో అమ్ముతున్నది రంగు కాదు, వస్తుందన్న మాట. అందుకే అనుభవజ్ఞులు పిల్ల కన్నా ముందు దాని తల్లిదండ్రుల గురించి, ఫారం పేరు గురించి అడుగుతారు. నన్నడిగితే ఇందులో తొంభై పాళ్లు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మిగతా చిట్కాలన్నీ వంశంలో ఉన్నదాన్ని బయటకు తెచ్చేవే, లేనిదాన్ని పుట్టించేవి కావు.

మరి పిల్లలో ఏం చూడాలి? రెండు మీసాలూ తిన్నగా, సమానంగా ఉండాలి. నోరు మూసినప్పుడు కింది దవడ మరీ ముందుకు పొడుచుకు రాకూడదు. పొలుసుల వరసలు చెదరకూడదు. మొప్పల మూత మీద లోహపు మెరుపు కనబడాలి. చేప నీటి పై భాగంలోనో మధ్యలోనో ధీమాగా తిరగాలి గానీ మూలన ఒదగకూడదు. అన్నిటికన్నా ముందు దుకాణంలో వెలిగే గులాబి రంగు ట్యూబులైటు ఆర్పించి, మామూలు తెల్లటి వెలుతురులో చూపించమనండి. ఆ లైటు కింద ఏ చేపైనా ఎర్రగానే కనబడుతుంది. ఇక బెత్తెడు పిల్లకే ఒళ్లంతా ఎర్రగా ఉంటే సంబరపడకుండా అనుమానపడాలి.

ఎర్రవాటిలోనూ రెండు తీరులు చెబుతారు: చిల్లీ రెడ్, బ్లడ్ రెడ్. మొదటిదానికి తోక వజ్రపు ఆకారంలో కోసుగా, కన్ను పెద్దదిగా ఎర్రగా, తల కాస్త నొక్కినట్టు ఉంటుందంటారు. రెండోదానికి తోక విసనకర్ర తీరు. ఫారాల్లో ఈ రెండింటినీ తరతరాలుగా కలిపేశాక ఆ తేడా ఎంతవరకు నిలిచిందో అమ్మేవాడి నోటిని బట్టి ఉంటుంది.

బంగారాన్ని తులాల్లో కాదు, వరసల్లో లెక్కపెడతారు

పొట్ట నుంచి వీపు వైపుకు పొలుసుల వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్తారు. రెడ్ టెయిల్ గోల్డ్‌కు బంగారు మెరుపు నాలుగో వరస దగ్గర ఆగిపోతుంది, పైన వీపు ముదురుగానే ఉంటుంది. హైబ్యాక్ అయితే ఐదో వరస దాకా ఎక్కుతుంది. క్రాస్‌బ్యాక్‌కు వీపు దాటి అవతలి వైపుకు కలుస్తుంది. ఒక్క వరస తేడాకు ధర ఎక్కడికో పోతుంది.

తొట్టి గోడ రంగు చేప ఒంటికెక్కుతుంది

చేప చర్మంలో రంగు కణాలు ఉంటాయి. నలుపు కణాల్లోని మెలనిన్ రేణువులు చుట్టూ చీకటిగా ఉంటే కణమంతా పరుచుకుంటాయి, చేప ముదురుగా కనబడుతుంది. చుట్టూ తెల్లగా ఉంటే ఒకచోటికి ముడుచుకుంటాయి, చేప లేతబడుతుంది. ఎరుపు, పసుపు ఛాయలు వేరే కణాలవి. లోహపు మెరుపు గ్వానిన్ స్ఫటికాల మీద వెలుతురు పడి వెనక్కి తిరగడం వల్ల వస్తుంది.

పెంచేవాళ్లు ఈ కిటుకును వాడుకుంటారు. క్రాస్‌బ్యాక్ పిల్లను తెల్లటి తొట్టిలో పెంచుతారు, వీపు మీది నలుపు తగ్గి బంగారం పైకి కనబడాలని. ఎర్రదాన్ని నల్లటి నేపథ్యంలో ఉంచుతారు, ఎరుపు చిక్కగా తేలాలని. ఆపైన ప్రత్యేకమైన లైట్లు రోజుకు గంటల తరబడి వెలిగించడాన్ని వాళ్ల భాషలో 'టానింగ్' అంటారు. పద్ధతులు ఇంటికొకటి. తెల్లతొట్టిలో తేలిన మెరుపును చూసి కొనేవాళ్లు, మామూలు తొట్టిలోకి మార్చాక అది ఎంత నిలుస్తుందని ముందే అడగాలి.

మేత సంగతికొస్తే, ఎరుపు పసుపు ఛాయలకు కావలసిన కెరొటినాయిడ్లను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అందుకే పెంకుతో సహా రొయ్యలు పెడతారు. మిడతలు, పురుగులు, కప్పలు కూడా మేతే. ఆగ్నేయాసియాలో కొందరు జెర్రుల్ని పెడితే ఎరుపు ఎక్కుతుందని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని దోహా ఫ్లాట్లోకి తేకపోవడమే మంచిది, ఇంటావిడ ఒప్పుకోదు.

గుడ్లు మోసేది నాన్న

గుడ్లు పెట్టగానే మగచేప వాటిని నోట్లోకి తీసుకుంటుంది. సంఖ్య తక్కువ, ఒక కాన్పులో వందలోపే. కానీ ఒక్కో గుడ్డు రేగిపండంత ఉంటుంది. పొదిగిన పిల్లలు సొన సంచి అయిపోయి సొంతంగా ఈదేదాకా, సుమారు రెండు నెలలు, నోరే గూడు. మోస్తున్నన్నాళ్లూ తండ్రికి సరైన తిండి ఉండదు.

ఫారాల్లో అన్నాళ్లు ఆగరు. బురద చెరువులో పనివాళ్లు వల లాగి, గొంతు కింద ఉబ్బుగా ఉన్న మగచేపను పట్టుకుంటారు. తడిగుడ్డలో చుట్టి, దవడ మెల్లగా తెరిచి నీళ్లతో కడుగుతారు. నారింజ రంగు సొన సంచులు వేలాడుతున్న పిల్లలు ఒక్కొక్కటీ బేసిన్లోకి జారుతాయి. తండ్రి మళ్లీ చెరువులోకి, పిల్లలు గాజుతొట్లలోకి. ఆడ మగ తేడా పైకి సరిగా తెలియదు కాబట్టి జతలు కట్టే పనిని చాలావరకు చేపలకే వదిలేస్తారు. ఈడుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. ధర ఎందుకంత ఉంటుందో దీంతో సగం అర్థమవుతుంది.

మిగతా సగం నిషేధం చలవ

అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. ఆసియా అరోవానాను అన్నిటికన్నా కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో చేర్చారు. అంతకుముందు ఇది స్థానికులు వండుకునే మామూలు నదిచేప. అరుదైనదని ముద్ర పడ్డాకే మోజు పెరిగిందని, 2016లో వచ్చిన 'ది డ్రాగన్ బిహైండ్ ది గ్లాస్' పుస్తకంలో పాత్రికేయురాలు ఎమిలీ వోయిట్ వాదించింది. సింగపూర్‌లో జరిగిన చేపల పోటీకి తెల్లటి ఆల్బినో అరోవానాలు పోలీసు కాపలాతో వచ్చిన వైనం కూడా అందులో ఉంది. అడవి నదుల్లో దీని పరిస్థితి మాత్రం ఇప్పటికీ ముప్పులోనే ఉంది.

దీనికీ ఒక పాస్‌పోర్టు ఉంటుంది

గల్ఫ్‌లో డేగలకు పాస్‌పోర్టులుంటాయని దోహాలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, సూక్ వాకిఫ్‌లో వాటికి ప్రత్యేకంగా బజారే ఉంది. అరోవానాదీ దాదాపు అదే కథ. సైటిస్ దగ్గర నమోదైన ఫారంలో పుట్టిన చేపలకే అంతర్జాతీయంగా అమ్మకానికి వీలుంటుంది. వీపు కండలో బియ్యపుగింజంత మైక్రోచిప్ పెడతారు. స్కానర్ పెడితే నంబరు వస్తుంది. ఆ నంబరు, కాగితం మీది నంబరు కలవాలి. అమెరికాలో ఇదీ చెల్లదు, అక్కడ దిగుమతికి దారే లేదు.

కన్ను జారితే ఆపరేషన్

తొట్టిలో పెరిగే అరోవానాల్లో చాలావాటికి కన్ను కిందికి జారుతుంది. ఎప్పుడూ కిందికి చూడటం వల్లని ఒకరు, కంటి వెనక కొవ్వు వల్లని ఒకరు అంటారు. సింగపూర్‌లో చేపకు మత్తిచ్చి కన్ను పైకి సర్దే నిపుణులున్నారు.

ఈ చేప ఆసియాకు మన నేల ఎక్కి వచ్చిందా?

దీనికి దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మంచినీటి చేప సముద్రం ఎలా దాటింది? 2000లో జపాన్ శాస్త్రవేత్తలు కుమజావా, నిషిదా జన్యువులు పోల్చి చూసి, ఈ రెండూ విడిపోయి పదమూడు కోట్ల ఏళ్లు దాటి ఉంటుందని లెక్కకట్టారు. గోండ్వానా ఖండం ముక్కలైనప్పుడు, ఉత్తరానికి కదిలిన భారత భూఖండం లాంటి ముక్క మీద దీని పూర్వీకులు ఆసియా చేరాయన్నది వాళ్ల ప్రతిపాదన. తర్వాతి పరిశోధనల్లో కొన్ని అంత పాత కాలాన్ని ఒప్పుకోవు. అయితే తెలంగాణలో రంగాపూర్ దగ్గర, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో, ఈ కుటుంబపు చేపల చెవిరాళ్లు దొరికాయని 1988లో ప్రచురితమైంది. అవి డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరివి. ఫెంగ్ షుయ్ లేని రోజుల్లోనే దీని చుట్టాలు మన చెరువుల్లో ఈదాయన్నమాట.

దోహాలో అసలు పరీక్ష కుళాయి నీళ్లు

ఖతార్‌లో కుళాయికి వచ్చేది దాదాపుగా అంతా ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఆ మాటకొస్తే అది ఈ చేపకు పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బంది ఎండతో. అరోవానాకు 26 నుంచి 30 డిగ్రీలు హాయి. జులైలో మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. వారానికోసారి తొట్టిలో పాతిక శాతం నీళ్లు మార్చాలి కదా. అందుకని ముందురోజే డ్రమ్ములో పట్టి ఏసీ గదిలో ఉంచి, క్లోరిన్ విరిగే మందు వేసి, మర్నాడు పోసుకోవాలి. వేసవిలో గీజరు స్విచ్చి ఆపేసి, అందులో నిలవున్న నీటినే చన్నీళ్లుగా వాడుకునే మనవాళ్ల ఉపాయం స్నానానికి సరిపోతుంది గానీ ఆరడుగుల తొట్టికి చాలదు. సెలవుల్లో ఊరెళ్తూ ఏసీ కట్టేసి పోతే చేప బతకదు.

ఇంకొకటి: తొట్టికి బరువైన మూత తప్పనిసరి. కొమ్మల మీది పురుగుల్ని నీళ్లలోంచి ఎగిరి అందుకునే జాతి ఇది.

వీసా కన్నా చేప వయసు ఎక్కువ

బాగా చూసుకుంటే ఇది ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. రంగు తిరిగేసరికే నాలుగేళ్లు. ఉద్యోగం ఎప్పుడు మారుతుందో, ఎగ్జిట్ ఎప్పుడు పడుతుందో తెలియని బతుకుల్లో ఇదొక చిక్కు. ఖతార్ 2001లో, భారత్ 1976లో సైటిస్‌లో చేరాయి కాబట్టి ఇంటికి తీసుకెళ్లాలంటే రెండు వైపులా కాగితాలు కావాలి: ఖతార్ నుంచి సైటిస్ పునరెగుమతి పత్రం, భారత్ నుంచి దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం. సొంత సామాను కింద కొన్ని వస్తువులకు ఇచ్చే మినహాయింపు ప్రాణమున్న జీవాలకు వర్తించదు. భారత్‌లో 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి జీవిని పొందిన 30 రోజుల్లో పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చిప్ నంబరున్న కాగితం పోతే ఇవేవీ ముందుకు కదలవు. అందుకే చేపను కొన్నరోజునే ఆ కాగితానికి రెండు కాపీలు తీయించి, ఒకటి పాస్‌పోర్టులతో పాటు దాచుకోవాలి. చేపను దోహాలోనే ఇంకొకరికి అమ్మేసి రావాలన్నా మొదట అడిగేది దాన్నే.