మొక్కజొన్న చేలో కత్తెర పురుగు

పిల్లలూ! ఈసారి మొక్కజొన్న చేను పక్కగా నడిచేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆకులకేసి పరకాయించి చూడండి. కొన్ని ఆకులకు అడ్డంగా, ఒకే వరసలో చిల్లులు కనిపించవచ్చు. ఎవరో కొలత పెట్టి పొడిచినట్టుంటాయి. అంత తీరుగా ఎలా పడ్డాయి? ఒక కాగితాన్ని చుట్టగా చుట్టి, దబ్బనంతో ఒక్కచోట గుచ్చి విప్పండి. చూశారా, చిల్లులు వరసగా ఉన్నాయి! ఆకు మొక్క సుడిలో చుట్టుకుని ఉన్నప్పుడే ఒక పురుగు దాన్ని కొరికింది. ఆకు విచ్చుకున్నాక ఆ వరస బయటపడింది. ఆ దొంగ పేరే కత్తెర పురుగు.

ఇది మన దేశంలో పుట్టిన పురుగు కాదు. దీని స్వస్థలం అమెరికా ఖండాల్లోని వెచ్చని ప్రాంతాలు. 1797 లోనే శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించి పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా అంటారు. అందులో రెండో మాటకు లాటిన్ భాషలో పంటను పోగొట్టేది అని అర్థం. అది చాలాకాలం తన ఖండాల్లోనే ఉండిపోయింది. 2016 లో పశ్చిమ ఆఫ్రికాలో కనిపించింది. రెండేళ్ళలో ఆ ఖండంలో చాలా దేశాలకు పాకింది. 2018 లో మన దేశంలో మొదటిసారిగా కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర పట్టుబడింది. ఆ యేడే తెలుగువారి చేలకూ వచ్చేసింది. దీని రెక్కల పురుగు గాలివాటాన ఒక్క రాత్రిలో నూరు కిలోమీటర్ల దూరం పోగలదు. ఇక దానికి ఎల్లలేమిటి?

మొక్కజొన్న పోతే మనకేమిటి అనుకోకండి. కోళ్ళ మేతలో ముఖ్యభాగం మొక్కజొన్నే. మీ కంచంలోని కోడిగుడ్డు కూడా ఆ చేలోనుంచి వచ్చిందన్నమాట. అంతకన్న ముఖ్యం, ఎకరమో రెండెకరాలో నమ్ముకున్న రైతు ఇంట్లో పిల్లల బడి ఖర్చులు, పండగ బట్టలు ఆ కండెలమీదే ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు దీని బతుకు ఎలా సాగుతుందో చూద్దాం. తల్లి పురుగు రాత్రిపూట ఆకుమీద నూరు, రెండు నూర్ల గుడ్లను కుప్పగా పెట్టి, పైన మెత్తని నూగు కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి ఆకుపచ్చను గీరి తింటాయి. అప్పుడు ఆకుమీద తెల్లని పల్చని మచ్చలు పడతాయి. కొన్ని పిల్లలు సన్నని దారానికి వేలాడుతూ గాలికి పక్క మొక్కకు చేరతాయి. ఎదిగాక సుడిలో దూరుతాయి. పెద్ద పురుగులు చిన్నవాటినీ తినేస్తాయి కనుక, ఒక సుడిలో సాధారణంగా ఒకటి రెండే మిగులుతాయి! రెండు మూడు వారాలు తిని, నేలలో కొద్ది లోతుకు దిగి ప్యూపాగా మారుతుంది. ఎండాకాలంలో ఈ కథంతా సుమారు నెల రోజుల్లో పూర్తవుతుంది.

దీన్ని గుర్తుపట్టడం సులభం. తలమీద తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరం వంటి గుర్తు ఉంటుంది. తోక దగ్గర నాలుగు నల్లచుక్కలు చదరంగా ఉంటాయి.

ఒక తల్లి సుమారు పదిహేను వందల గుడ్లు పెడుతుంది. వాటిలో సగం ఆడవైతే, అన్నీ బతికితే, మరు తరానికి ఎన్ని గుడ్లవుతాయి? 750 ని 1500 తో హెచ్చవేయండి: 11,25,000! అయినా లోకమంతా ఈ పురుగులతో ఎందుకు నిండిపోలేదు? దానికి శత్రువులున్నారు కనుక. కాకులు, గోరింకలు, సాలీళ్ళు దీన్ని తింటాయి. ఆవగింజకన్న చిన్నవైన కందిరీగ జాతి పురుగులు దీని గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి. ఒకరకం బూజు దీని ఒంటికి పట్టి చంపుతుంది.

అందుకే తొందరపడి విషమందు చల్లితే చిక్కు వస్తుంది. సుడిలో దాక్కున్న పురుగు, రంపపు పొట్టులాంటి తన రెట్టను పైన బిరడాగా పెట్టుకుని ఉంటుంది. మందు దానికి సరిగా తగలదు. బయట తిరిగే స్నేహితులు మాత్రం చస్తాయి. మందుకు తట్టుకుని బతికిన పురుగుల సంతానం ఆ మందుకు లొంగడం మానేస్తుంది.

మరి రైతు ఏం చెయ్యాలి? వేసవిలో లోతుగా దున్నితే నేలలోని ప్యూపాలు ఎండకు, పక్షులకు చిక్కుతాయి. ఊళ్ళోవాళ్ళంతా ఇంచుమించు ఒకేసారి విత్తితే పురుగుకు నెలల తరబడి లేతపైరు దొరకదు. నడుమ కంది, మినుము వంటి పంటలు వెయ్యవచ్చు. పక్షులు వాలడానికి చేలో కర్రలు పాతాలి. ఆడపురుగు వాసన పెట్టిన బుట్టలు కడితే మగపురుగులు వచ్చి పడతాయి, చేలోకి పురుగు వచ్చిన సంగతి ముందే తెలుస్తుంది. పైరు లేతగా ఉన్నప్పుడు వేపగింజల కషాయం బాగా పనిచేస్తుంది. అప్పటికీ లొంగకపోతే, వ్యవసాయాధికారిని అడిగి, తగిన మందు తగిన మోతాదులో వాడాలి.

మీరు చెయ్యగల పని కూడా ఒకటుంది. పెద్దల అనుమతితో చేలోకి వెళ్ళి, అయిదు చోట్ల ఇరవై చొప్పున మొక్కలు చూడండి. మొత్తం నూరు మొక్కలు. దెబ్బతిన్నవి ఎన్ని ఉంటే శాతం అంతే! లేతపైరులో అయిదు దాటితే ఆలస్యం చెయ్యకూడదు. నూగు కప్పిన గుడ్లకుప్ప కనిపిస్తే ఆ ఆకుముక్క తుంచి నలిపెయ్యండి; నూరు పురుగుల్ని పుట్టకముందే ఆపినట్టు. ఒక్కమాట మరవకండి: మందు చల్లిన చేలోకి వెళ్ళకూడదు, మందు సీసా ముట్టకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, లెక్క కాగితంమీద రాసి మీ నాన్నగారి చేతికివ్వండి. బళ్ళో నేర్చుకున్న శాతాల లెక్క పంటను కాపాడే రోజు అదే.