ఆదివారం పదింటి నుంచి రెండింటి దాకా

ఆ పాపకు రెండేళ్ళు. తల్లితో మదురైలో ఉంటోంది. తండ్రి ఊరు కరూర్. విడాకుల కేసు నడుస్తుండగా, ప్రతి ఆదివారం కూతుర్ని చూసుకోవచ్చని తండ్రికి కోర్టు అనుమతి ఇచ్చింది. అయితే చూడాల్సింది కరూర్‌లో. అంటే ఆ పసిది వారం వారం రానూపోనూ సుమారు 300 కిలోమీటర్లు తిరగాలి. తల్లి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024 డిసెంబరులో ఆ కోర్టు తండ్రి హక్కు జోలికి పోకుండా చోటు మాత్రం మార్చింది. ఆదివారం ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా, మదురైలోనే ఏ పార్కులోనో గుడిలోనో కలవమంది. పాప మరీ చిన్నది కనుక తల్లి అక్కడే, ఓ పదడుగుల దూరంలో ఉండాలంది.

పదడుగుల దూరం గురించి దేశ అత్యున్నత న్యాయస్థానం ఆలోచించాలా అనిపించవచ్చు. ఆలోచించాల్సిందే. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న ఏదో ఒకనాటికి తేలుతుంది. అది తేలాక రెండోవాళ్ళు పిల్లల జీవితంలో మిగులుతారా లేదా అన్నది మాత్రం ఇలాంటి వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరు దింపాలి, ఎవరు తీసుకెళ్ళాలి, జ్వరం వస్తే ఆ వారం సంగతేమిటి? నెలకు రెండుసార్లు చూడవచ్చు అని ముక్తసరిగా రాసి ఇచ్చిన ఉత్తర్వు చేతిలో పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడే తండ్రులున్నారు, తల్లులూ ఉన్నారు.

చట్టం పాతదే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. హిందువులకు దానితోపాటు 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఉంది. ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అది చెబుతుంది. సహజ సంరక్షకుల్లో మాత్రం తండ్రిని ముందు పెట్టి, తల్లిని ఆ తర్వాత నిలబెట్టింది. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె పట్టు వదల్లేదు. తండ్రి బతికే ఉన్నా, ఏ కారణంగానైనా బిడ్డ బాధ్యత చూడని పరిస్థితిలో తల్లి సహజ సంరక్షకురాలేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లింలలో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకు ఏడేళ్ళు నిండేదాకా, కూతురు యుక్తవయసు వచ్చేదాకా తల్లి దగ్గర పెరుగుతారు. ఏ చట్టం కింద వెళ్ళినా చివరికి జడ్జి చూడాల్సింది ఒకటే: బిడ్డకు ఏది మేలు? పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

మేలు అంటే చెరిసగం పంచడం కాదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఒక కేరళ కేసు చూడండి. సింగపూర్‌లో ఉద్యోగం చేసే తండ్రికి హైకోర్టు నెలలో పదిహేను రోజులు పిల్లల్ని అప్పగించింది. ఆయన తిరువనంతపురంలో ఫ్లాటు అద్దెకు తీసుకుని, అంతదూరం నుంచి వచ్చి ఉండేవాడు. కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆయన ప్రేమను ఆ కోర్టు శంకించలేదు. కానీ జడ్జిలు ఎనిమిదేళ్ళ కూతురితో మాట్లాడితే, ఆ పదిహేను రోజులూ హోటల్ తిండేనని, తండ్రి తప్ప ఇంట్లో మరో మనిషి లేరని తెలిసింది. దాంతో ఆ ఏర్పాటు రద్దయింది. వారం విడిచి వారం శని, ఆదివారాలు తండ్రితో గడపడం, మధ్యలో వీడియో కాల్స్ అని కొత్తగా నిర్ణయించారు. తండ్రికి తగ్గింది నిజమే. కానీ ఆ లెక్క పిల్ల భోజనం, చదువు, తోడు దగ్గర మొదలైంది. అదే సరైన లెక్క.

ఈ కేసుల్లో అన్నిటికంటే క్రూరమైనది కాలం. 2017లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక పాప, రెండేళ్ళు నిండకముందే తల్లికి దూరమై తండ్రి ఇంట పెరిగింది. కేసు తేలేసరికి ఎనిమిదేళ్ళు. నాన్న దగ్గరే ఉంటానంది. ఇన్నేళ్ళూ ఒక్క వైపే పెరిగిన బిడ్డ ఇంకేమంటుంది? ఒకరి మీద మరొకరు పిల్లల మనసు విరిచే ధోరణిని ఆ తీర్పు ప్రస్తావించింది, పాపను తల్లికి అప్పగించింది. పెద్దలకు వాయిదా అంటే ఆర్నెల్ల ఆలస్యం. మూడేళ్ళ పిల్లకు అది బతుకులో ఆరో వంతు. అందుకే కేసు వేసిన మొదట్లోనే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. 1890 చట్టంలోని 12వ సెక్షన్ ఆ వీలు కల్పిస్తుంది.

కలవడమే ప్రమాదమయ్యే ఇళ్ళూ ఉన్నాయి. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ ప్రకారం, హింసకు పాల్పడిన వ్యక్తి రాక బిడ్డకు హానికరం అనిపిస్తే మేజిస్ట్రేట్ నిరాకరించాలి. దెబ్బలు తిని బయటపడిన తల్లి సందేహిస్తే దాన్ని మొండితనం అనడం అన్యాయం.

అమెరికా సంబంధాలున్న తెలుగు ఇళ్ళకు మరో చిక్కు. 2019లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో దంపతులు తెలుగువారు, పిల్లలు అమెరికాలో పుట్టినవారు. తల్లి వారిని ఇక్కడికి తీసుకొచ్చి హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేసింది. 1890 చట్టం ప్రకారం పిల్లలు మామూలుగా నివసించే చోటి కోర్టుకే ఆ అధికారం. కొద్దికాలం వచ్చి ఉన్నంత మాత్రాన హైదరాబాదు వారి నివాసం కాదంటూ, పిల్లల్ని తిరిగి అమెరికా తీసుకెళ్ళమని కోర్టు చెప్పింది. అలాగని ప్రతిసారీ వెనక్కి పంపరు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు పరిగణించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ మేలే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫలితంగా ఏ కేసు ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పడం లాయర్లకూ కష్టమే.

దూరదేశంలో ఉన్నవారికి ఒక ఊరట ఉంది. ఎదురుగా కలవడంతోపాటు ఫోన్‌లో, వీడియోలో మాట్లాడే అవకాశం కూడా బిడ్డ ఎదుగుదలకు అవసరమేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కలిసే ఏర్పాట్లను కోర్టులు వీలైనంత వివరంగా రాయాలనీ సూచించింది. లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో, తగిన కేసుల్లో ఇద్దరికీ ఉమ్మడి కస్టడీ ఇచ్చేలా చట్టం మార్చమని సిఫారసు చేసింది. ఆ మార్పు ఇంకా రాలేదు.

ఈలోగా ఇద్దరూ కూర్చుని రాసుకోగలిగితే అదే మేలు. సంక్రాంతి ఎవరింట, వేసవి సెలవులు ఎలా, అమ్మమ్మనీ నాయనమ్మనీ ఎప్పుడు చూస్తారు, స్కూలు మీటింగుకు ఎవరు వెళ్తారు అన్నీ కాగితం మీద పెట్టి కోర్టుకు ఇవ్వవచ్చు. భరణం డబ్బుకూ బిడ్డను చూపించడానికీ మాత్రం ముడిపెట్టకూడదు. ఒకసారి రాసింది శాశ్వతమని భయపడక్కర్లేదు. కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ మార్చదగినదే. రెండేళ్ళప్పుడు పార్కులో నాలుగు గంటలు చాలనుకున్న పాపకు పదేళ్ళొచ్చాక నాన్న ఇంట్లో నాలుగు రోజులు ఉండాలనిపిస్తే, అదే కోర్టును మళ్ళీ అడగవచ్చు.