పడటం నేర్చిన విజేత

జూడో నేర్చుకోవడానికి వచ్చినవారికి గురువు ముందుగా నేర్పేది ఎదుటివారిని పడగొట్టడం కాదు, దెబ్బ తగలకుండా పడటం. పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తలను కాపాడుకోవాలి. చేత్తో చాపను బలంగా చరచి ఆ ఊపును తగ్గించుకోవాలి. 'ఉకెమి' అనే ఈ పాఠం వంటబట్టాకే మిగతా పట్లు. జపాన్ జూడో క్రీడాకారిణి రియోకో తాని జీవితమంతా ఈ మొదటి పాఠానికి వ్యాఖ్యానమే.

పెళ్లికి ముందు ఆమె రియోకో తమురా. 1975లో ఫుకువోకాలో పుట్టింది. ఎత్తు 146 సెంటీమీటర్లు, పోటీపడింది 48 కిలోల విభాగంలో. 1990లో పదిహేనేళ్ల వయసులోనే, అప్పటికి నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన బ్రిటన్ క్రీడాకారిణి కరెన్ బ్రిగ్స్‌ను ఓడించింది. అప్పట్లో జపాన్‌లో జూడో అమ్మాయి 'యవారా' బొమ్మల కథ ఇంటింటా ప్రసిద్ధం. జనం ఆ పేరే ఈ చిన్నదానికీ పెట్టుకుని 'యవారా చాన్' అని ముద్దుగా పిలుచుకున్నారు.

అయితే ఆ అభిమానం ఆమెను పడకుండా ఆపలేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆ తరువాత వరుసగా 84 విజయాలు! 1996 అట్లాంటాలో స్వర్ణం ఆమెదేనని అందరూ అనుకున్నారు. కానీ ఫైనల్లో ఉత్తర కొరియాకు చెందిన పదహారేళ్ల కే సున్ హుయి ఆమెను ఓడించింది. ఒకనాడు తాను బ్రిగ్స్‌కు చేసిందే ఈ అమ్మాయి తనకు చేసింది.

రెండుసార్లు అంచుదాకా వెళ్లి పడినవారు సాధారణంగా ఆట మానేస్తారు. ఆమె మానలేదు. 2000లో సిడ్నీ ఫైనల్‌ను నిమిషం గడవకముందే ముగించి స్వర్ణం గెలిచింది. 2004 ఏథెన్స్‌లో మళ్లీ స్వర్ణం. 2005లో తల్లయింది, 2007లో ఏడవసారి ప్రపంచ విజేత అయింది. 2008 బీజింగ్ సెమీఫైనల్లో ఓడినా, ఆ రోజే లేచి కాంస్యం అందుకుంది. ఐదు ఒలింపిక్స్, ఐదు పతకాలు!

ఆ ప్రజాదరణే 2010లో ఆమెను జపాన్ పార్లమెంటు ఎగువసభకు పంపింది. ఆ ఏడే పోటీల నుంచి తప్పుకుంది. 2016లో పదవీకాలం ముగిశాక మళ్లీ పోటీచేయలేదు. చప్పట్లు వస్తాయి, పోతాయి. పేరు పెట్టిన జనం అట్లాంటాలో ఆమెకు బదులుగా లేవలేరు కదా! లేవవలసింది ఆమే.

ఏడుసార్లు పడితే ఎనిమిదోసారి లేవాలని జపాన్‌లో ఒక నానుడి. బైబిల్ సామెతల గ్రంథం 24వ అధ్యాయంలోనూ అదే ఏడు అంకె కనిపిస్తుంది. నీతిమంతుడు పడనే పడడని అక్కడ లేదు, పడినా లేస్తాడనే ఉంది.

పరీక్షా ఫలితాల రోజున కొన్ని ఇళ్లకు ఓదార్పు చెప్పడానికి వెళ్లే మాలాంటి కాపరులకు ఈ మాట బరువు తెలుసు. మొదటి ర్యాంకు ఎలా తెచ్చుకోవాలో మనం పిల్లలకు పదేళ్లు నేర్పుతాం. తప్పితే ఏం చేయాలో ఒక్క రోజైనా నేర్పామా? ఓడి ఇంటికొచ్చిన బిడ్డకు తల్లిదండ్రుల ఒడి జూడో చాపలా ఉండాలి. పడితే దెబ్బ తగలకూడదు, అక్కడినుంచే మళ్లీ లేవగలగాలి.