రీటేక్ లేని షూటింగ్!

సినిమా సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫర్‌కి ఒక సౌకర్యం ఉండేది. డైరెక్టరు 'కట్' చెప్పగానే ముందుకొచ్చి 'ఒక్క నిమిషం సార్, స్టిల్!' అనేవాడు. హీరో మళ్ళీ అదే భంగిమలో నిలబడేవాడు. హీరోయిన్ మళ్ళీ అంతే సిగ్గుపడేది. విలన్ మళ్ళీ అంతే కోపంగా చెయ్యెత్తేవాడు. క్లిక్! బాగా రాలేదా? ఇంకోటి!

టెన్నిస్ కోర్టులో ఈ పప్పులుడకవు. ఆటగాడి దగ్గరికెళ్ళి 'సార్, ఆ ఫోర్‌హాండ్ ఇంకొక్కసారి...' అనండి చూద్దాం!

ఈ తేడా నాకు చెప్పింది మా మావయ్య. కోడంబాక్కంలో చాలా ఏళ్ళు స్టిల్స్ అసిస్టెంటుగా పనిచేశాడు. పరిశ్రమంతా హైదరాబాదు తరలిపోయినా ఆయన మద్రాసు వదల్లేదు. 2008 జనవరిలో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, నెల్లూరులో రైలెక్కి ఆయనింట్లో వాలిపోయాను. కారణం? చెన్నై ఓపెన్! 1997 నుంచి 2017 దాకా నుంగంబాక్కం స్టేడియంలో ఏటా జరిగిన పోటీ అది. తర్వాత పుణె వెళ్ళిపోయింది.

మద్రాసులో టెన్నిస్‌కీ సినిమాకీ చుట్టరికం ఎప్పట్నుంచో ఉంది లెండి. అక్కడి ఆటగాడు విజయ్ అమృతరాజ్ 1983లో జేమ్స్ బాండ్ సినిమా 'ఆక్టోపస్సీ'లో నటించాడు కదా! మావయ్యకి అదొక గర్వం. రెండు టిక్కెట్లు సంపాదించి, తన పాత ఫిల్మ్ కెమెరా నా మెళ్ళో వేశాడు. ఒకే ఒక్క రోలు.

"36 బొమ్మలురా. అయిపోతే అయిపోయినట్టే. బంతిని చూడకు, మనిషిని చూడు" అన్నాడు.

నేను విన్నానా? విన్లేదు!

ఆ నాలుగు గంటలు

ఆ సెమీఫైనల్ మీ అన్నలకో అక్కలకో గుర్తుండే ఉంటుంది. నాదల్ ఒకవైపు, మోయా ఒకవైపు. ఇద్దరూ స్పెయిన్ వాళ్ళే, అందులోనూ ఇద్దరూ మయోర్కా దీవి వాళ్ళే. 6-7, 7-6, 7-6. ఆట నడిచింది 3 గంటల 54 నిమిషాలు! నా రోలు మాత్రం రెండో సెట్ సగంలోనే చేతులెత్తేసింది. నాదల్ మ్యాచ్ పాయింట్లు కాచుకుని బయటపడుతుంటే స్టేడియం అంతా లేచి నిలబడింది. నేను మెళ్ళో కెమెరా వేలాడేసుకుని నోరు తెరుచుకు చూశాను. అంత అలిసిపోయిన నాదల్ మర్నాడు ఫైనల్లో యూజ్నీ చేతిలో 6-0, 6-1 తేడాతో ఓడిపోయాడనుకోండి, అది వేరే కథ.

ప్రింట్లు వచ్చాక మావయ్య మంచం మీద పరిచి ఒక్కొక్కటే చూశాడు. సగం ఫొటోల్లో రాకెట్టు ఉంది, బంతి లేదు. కొన్నిట్లో భుజం ఉంది, మొహం లేదు. ఒకదాన్లో ఎవరో పెద్దాయన బట్టతల!

"ఒరేయ్, నువ్వు నాదల్‌ని తియ్యలేదు. నాదల్ వెళ్ళిపోయిన చోటుని తీశావు" అన్నాడు నవ్వుతూ.

చప్పుడు వినపడితే ఆలస్యమే

మీ చేతిలోనూ కెమెరా ఉందా? అయితే ఒక చిన్న లెక్క. గంటకి 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసు సెకనుకి సుమారు 55 మీటర్లు పోతుంది. షట్టర్ని సెకనులో 250వ వంతు పెట్టారనుకోండి, ఆ రెప్పపాటులోనే బంతి జానెడు దూరం జరిగిపోతుంది. ఫొటోలో కనబడేది బంతి కాదు, ఒక చార! 1000వ వంతు పెడితే ఐదారు సెంటీమీటర్లే జరుగుతుంది. అంటే దాదాపు బంతి అంత.

కానీ కిటుకు షట్టర్లో మాత్రమే లేదు. బంతి రాకెట్టు తీగల మీద ఉండేది సెకనులో 200వ వంతు. 'టక్' మన్నాక నొక్కితే ఎంత లాభం? సర్వీసుకి బంతి పైకెగరేస్తారు చూడండి, అది పైకెళ్ళి ఆగీ ఆగనట్టు ఉండే క్షణం ఒకటుంది. వేలు అప్పుడు కదలాలి. గుండెలో తాళం వేసుకోవాలన్నమాట.

ఇంకో రెండు మాటలు. జాలీ అడ్డొస్తే లెన్సుని జాలీకి ఆనించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఆటగాడి మీద ఫోకస్ చెయ్యండి. జాలీ మాయమైపోతుంది! మిట్టమధ్యాహ్నం టోపీ నీడలో కళ్ళు కనబడవు. సాయంత్రం ఎండ కోసం ఆగండి. ఫ్లాష్ జోలికి మాత్రం పోవద్దు. ఎంత పొడుగు లెన్సుకి అనుమతి ఉందో టిక్కెట్టు నిబంధనల్లో ముందే చూసుకోండి. లేకపోతే నాలాగే ఒకసారి గేటు దగ్గర లెన్సు అప్పజెప్పి, బిక్కమొహంతో లోపలికెళ్ళాల్సి వస్తుంది.

"ఊరికేనా?"

కొన్నేళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక చిన్న టోర్నమెంటు. పెద్ద పేర్లు లేవు, ప్రెస్ వాళ్ళు లేరు. మనలాంటి వాళ్ళకి స్వర్గం అదే! కోర్టుకీ మనకీ మధ్య ఒక్క జాలీ. ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకర్తె క్వాలిఫయింగ్ ఆడుతోంది. డిజిటల్ కెమెరా కదా, టకటకా తీస్తున్నాను.

"ఎవరు బాబూ నువ్వు?"

వెనక్కి తిరిగాను. ఒకావిడ, చేతిలో మంచినీళ్ళ సీసా, మొహంలో నిప్పులు.

"మా అమ్మాయి ఫొటోలు ఎందుకు తీస్తున్నావు? ఏ పేపరు?"

"ఏ పేపరూ కాదమ్మా. ఊరికే..."

"ఊరికేనా?"

ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా! అమ్మాయిలు ఆడుతుంటే పొడుగు లెన్సులు పట్టుకుని వచ్చేవాళ్ళందరూ ఆట కోసమే రారు. నేను ఎలాంటివాణ్ణో ఆవిడకెలా తెలుస్తుంది? కెమెరా ఆవిడ చేతికిచ్చేశాను. "చూడండమ్మా, ఒద్దన్నవి తీసేస్తాను" అన్నాను.

ఒక్కొక్కటే చూసింది. సర్వీసు చేస్తూ గాల్లోకి లేచినప్పటివి రెండు. "ఇవి బాగోలేదు, తీసెయ్" అంది. తీసేశాను. తర్వాత ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది. పాయింటు పోయాక వేళ్ళకి ఊడిన టేపుని పళ్ళతో లాగి మళ్ళీ చుట్టుకుంటోంది వాళ్ళమ్మాయి. చెమట, దుమ్ము, పంతం... అన్నీ ఉన్నాయి ఆ మొహంలో.

"మా ఇంట్లో కప్పు పట్టుకున్న ఫొటోలే ఉన్నాయి బాబూ. ఆడుతున్నది ఒక్కటీ లేదు. అది ఆడుతుంటే నాకు చేతులు వణుకుతాయి, ఎక్కడ తీసేది!" అంది. గొంతు మారిపోయింది.

ఆ రోజు ఆ అమ్మాయి ఓడిపోయింది. ఫొటో పెద్దది చేయించి పంపించాను. ఇప్పుడు ఆట మానేసి ఉద్యోగం చేసుకుంటోందట. ఆ ఫొటో మాత్రం హాల్లో గోడ మీదే ఉందని వాళ్ళమ్మగారు కబురు పెట్టారు. గెలిచినవాళ్ళని తియ్యడానికి వందమంది ఉంటారు. ఓడినవాళ్ళ కష్టాన్ని దాచిపెట్టేది ఎవరు? గ్యాలరీలో కూర్చున్న మనమే!

ఒక్క ఫొటో చాలు

మన సానియా మీర్జా సంగతి తెలుసుగా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెన్ ఫైనల్లో బొండరెంకోని ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఊరంతా పండగ! అదే సానియా 2008లో పెర్త్‌లో, హాప్‌మన్ కప్‌లో, కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు ఒక ఫొటో పడింది. అందులో ఆమె పాదాల దగ్గర జాతీయ జెండా కనిపించింది. అంతే! గొడవ కోర్టు దాకా వెళ్ళింది.

పొడుగు లెన్సు దూరంగా ఉన్న రెండు వస్తువుల్ని పక్కపక్కన ఉన్నట్టు చూపిస్తుంది. ఇది కెమెరా పట్టుకున్నవాడికి తెలిసినంతగా చూసేవాడికి తెలియదు. అందుకే పదిమందికీ పంచే ముందు ఒక్క క్షణం ఆగండి. 'ఇది మా అక్కదో చెల్లిదో అయితే?' అని అడుక్కోండి. ఆ తర్వాతే పంచండి.

37వ బొమ్మ

2022 సెప్టెంబరులో నుంగంబాక్కంలో మహిళల టోర్నమెంటు జరిగితే వెళ్ళాను. ఒక్కణ్ణే. అప్పటికి మావయ్య లేడు. ఒక్క పూటలో వెయ్యి ఫొటోలు తీశాను. రైలెక్కాక చూసుకుంటే ఆపి చూడాలనిపించినవి మూడో నాలుగో!

2008 నాటి ఆ రోలు విషయం మీకు పూర్తిగా చెప్పలేదు. ఫిల్మ్ రోల్లో ఒక్కోసారి 36 తర్వాత ఇంకో బొమ్మ మిగులుతుంది. ఆఖరి పాయింటప్పుడు అలవాటుగా లీవర్ తిప్పితే తిరిగింది! కంగారులో కోర్టు వైపు కాకుండా పక్కకి తిరిగి నొక్కేశాను. పడింది ఎవరనుకున్నారు? మావయ్య! రెండు చేతులూ పైకెత్తి, నోరారా అరుస్తూ, చిన్నపిల్లాడిలా...

జీవితమంతా కెమెరా వెనకాలే నిలబడ్డ మనిషి. పెళ్ళి ఫొటో తప్ప ఆయనది ఇంకొకటి మా ఇళ్ళల్లో లేదు. మంచం మీద పరిచిన ప్రింట్లలోంచి అదొక్కటే తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మనిషిని చూశావురా" అన్నాడు.

ఈసారి మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు, ఒక్క ఫొటో పక్క సీటు కోసం దాచుకోండి!