విమానము ఆయుధముతో నేమి చెప్పును?

విమానమును, దాని రెక్క క్రింద వ్రేలాడు బాంబును ఒకదానితో నొకటి మాటలాడుకొనునన్నచో మనలో ననేకులు నవ్వుదురు. మంత్రించిన బాణము చెప్పిన చోటికే పోయెనని పురాణమున విన్నప్పుడు మాత్రము నవ్వము. నేను చెప్పబోవు విషయమున మంత్రమేమియు లేదు. రాగితీగెలు, అంకెలు, బడిలోని కట్టుబాటువంటి యొక కట్టుబాటు, ఇంతమాత్రమే.

మొదట ఈ సంభాషణ రేడియో మూలమున జరిగినది. 1943 సెప్టెంబరు 8వ తేదీన ఇటలీ మిత్రరాజ్యములకు లొంగిన వార్త వెలువడెను. మరునాడే ఆ దేశపు యుద్ధనౌక 'రోమా' సార్డీనియా దీవి దాపున పోవుచుండగా, జర్మను విమానములు దానిపై 'ఫ్రిట్జ్-ఎక్స్' అను బాంబులను విడిచినవి. బాంబు తోకయందు వెలుగుచున్న జ్వాలను చూచుచు విమానములోని సైనికుడొకడు చిన్న పిడిని అటునిటు కదపగా, ఆ సంజ్ఞ రేడియో ద్వారా బాంబునకు చేరి దాని త్రోవను దిద్దెడిది. నౌక మునిగినది, 1300 మందికి పైగా మరణించిరి. అయితే ఈ పద్ధతికి రెండు లోపములు గలవు. రేడియో మాటను శత్రువును వినగలడు, అదే స్వరముపై గోలచేసి చెడగొట్టగలడు. మిత్రరాజ్యములవారు పిమ్మట అట్లే చేసిరి. రెండవది, బాంబు క్రిందికి చేరువరకు విమానము తొలగిపోరాదు. తుపాకుల కెదురుగా మెల్లగా సాగవలసినదే.

చెప్పవలసినదంతయు బాంబును విడువకముందే చెప్పివేయుట ఒక ఉపాయము. దానికి ముందు విమానములోని యంత్రములు తమలో తాము మాటలాడ నేర్వవలెను. పూర్వము ఒక్కొక్క యంత్రమునుండి మరియొకదానికి వేరువేరు తీగెలు కట్టెడివారు. యంత్రములు పెరిగినకొలది తీగెల బరువే భారమయ్యెను. 1973లో అమెరికా వైమానికదళము 1553 అను సంఖ్యతో నొక ప్రమాణము ప్రకటించినది. మెలివేసిన రెండు తీగెలే అన్నిటికిని రాజమార్గము. ఒకటి తెగినచో నుండుటకు అటువంటిదే మరియొక జత.

ఈ యేర్పాటు బడిపంతుళ్లకు సులభముగా తెలియును. మార్గమున కంతకు అధికారి యొక్కడు. అతని క్రింద 31 యంత్రముల వరకు ఉండవచ్చును. అధికారి పేరు పిలువనిదే ఎవ్వరును నోరెత్తరాదు. పిలిచిన పిమ్మట సెకనులో పదిలక్షల వంతులు 12 గడచులోపల బదులు పలుకవలెను. మా తరగతులలో నిట్టి పిల్లల నెన్నడును చూచియుండలేదు! సంజ్ఞలన్నియు ఒంట్లు, సున్నలు. సెకనుకు పదిలక్షలు సాగును. 16 సంజ్ఞల సమాచారమునకు వెంట నొక కావలి సంజ్ఞ యుండును. మొత్తముమీద ఒంట్ల సంఖ్య బేసిగా నుండునట్లు దానిని చేర్తురు. దారిలో నొక్క సంజ్ఞ తారుమారైనను లెక్క సరియై వచ్చును. వినువాడు తప్పును పట్టును. వేదాధ్యయనపరులు పదములను ముందు వెనుకలుగా త్రిప్పి జట, ఘన పాఠములు వల్లించుట కిదియే ప్రయోజనము. అక్షరము జారినచో వెంటనే తెలియవలెను.

1981లో వచ్చిన 1760 అను ప్రమాణము ఈ మార్గమును ఆయుధము వరకు పొడిగించినది. అంతకుముందు క్రొత్త ఆయుధము వచ్చినప్పుడెల్ల విమానమున తీగెలు మార్పవలసి వచ్చెడిది. ఇప్పుడు విమానమునకును ఆయుధమునకును నడుమ బొడ్డుత్రాడువంటి తీగెకట్ట యొకటి. 'జేడామ్' అను సాధనము తగిలించిన బాంబునకు దానిగుండ విమానము తానున్న చోటును, వేగమును, లక్ష్యముయొక్క అక్షాంశ రేఖాంశములను చెప్పును. తానెక్కడనుండి బయలుదేరినదో తెలియనిదే బాంబు త్రోవ లెక్కకట్టలేదు గదా! విడిచిన క్షణముననే ఆ బొడ్డుత్రాడు తెగును. అటుపిమ్మట ఉపగ్రహముల మాటయే గాని విమానపు మాట దానికి వినబడదు, వలదన్నను తిరిగిరాదు.

1999 మే 7వ తేదీ రాత్రి బెల్‌గ్రేడు నగరమున అమెరికా విమానము విడిచిన ఇట్టి బాంబులు చైనా రాయబార కార్యాలయముపై పడి ముగ్గురు చనిపోయిరి. తాము కొట్టదలచినది వేరొక కార్యాలయమనియు, పటములను చూచి దాని స్థానము నిర్ణయించుటలో పొరపాటు జరిగెననియు అమెరికా చెప్పెను. చైనా దాని నంగీకరింపలేదు. అమెరికా మాటయే నిజమైనచో, తీగెలలో నొక్క సంజ్ఞయు చెడలేదు. బాంబులు తమకు చెప్పిన చోటనే పడినవి. కావలి సంజ్ఞ దారిలోని తప్పునే పట్టును. పలుకువాని మనసులోని తప్పు దాని కెట్లు తెలియును?

ఇక వేగము మాట. అంకెలు పంపుటకు పాత మార్గము చాలును, చిత్రములకు చాలదు. నిలువున వేయి, అడ్డమున వేయి చుక్కలు గల బొమ్మకు, చుక్కకు 8 వంతున 80 లక్షల సంజ్ఞలు కావలెను. కావలి మొదలగునవి చేర్చిన కోటి యగును. పది సెకనులు పట్టును. ఆలోపల సెకనుకు 250 మీటర్లు పోవు విమానము రెండున్నర కిలోమీటర్లు దాటిపోవును. అందుచేత తరువాత సెకనుకు 100 కోట్ల సంజ్ఞలు సాగు మార్గమును ఆ ప్రమాణమునకే జతపరచిరి. దానిపై అట్టి బొమ్మ రెప్పపాటుకంటె ముందే చేరును.

రేడియోను కూడ విడిచిపెట్టలేదు. 'లింక్-16' అను పద్ధతిలో సెకనును 128 భాగములు చేసి, ఎవరి భాగమున వారే పలుకుదురు. పలుకునప్పుడు 51 స్వరములపై గంతులు వేయుచుందురు గనుక గోలచేయువానికి ఏ స్వరమున చేయవలెనో తెలియదు. గాలిలో గాలివాహనమునే కొట్టు క్షిపణికి రేడియో తప్పదు, లక్ష్యము నిలిచియుండదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల రూపొందించిన 'అస్త్ర' క్షిపణిని 2014 మేలో సుఖోయ్ విమానమునుండి మొదటిసారి ప్రయోగించిరి. ఆ నగరమందలి భారత్ డైనమిక్స్ వారు దానిని తయారుచేయుచున్నారు. శత్రువిమానము ప్రక్కకు తిరిగినచో మన విమానము ఆ వార్తను నడిదారిలోనే క్షిపణికి పంపును. దగ్గరకు చేరినపిమ్మట క్షిపణి తన రాడారుకన్నును తానే తెరచును. అప్పుడు విమానము మాట ముగించి, రోమాపై తిరిగిన విమానములవలె కాచుకొనియుండక, తన దారిని మరలిపోవచ్చును.